తపసి బంక: హక్కుతో పాటు పద్ధతి కూడా మన చేతికి రావాలి



నల్లమలలో తపసి చెట్లు తగ్గిపోతున్నాయని ఏ గూడేనికి పోయినా పెద్దోళ్ళు చెప్తారు. ఎందుకు తగ్గుతున్నాయని అడిగితే రెండు జవాబులు వస్తాయి. అడవి శాఖ వైపు నుంచి వచ్చే మాట: "బంక కోసం గొడ్డలితో నరికి చెట్టును చంపేస్తున్నారు." మన వైపు నుంచి వచ్చే మాట: "మా తాతల నాటి నుంచి తీస్తున్నాం, అప్పుడు చావని చెట్టు ఇప్పుడెందుకు చస్తుంది?"

రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. గొడ్డలి దెబ్బ లోతుగా పడితే చెట్టు చస్తుంది, అది నిజం. చెంచులు తరాలుగా ఈ చెట్టుతో కలిసి బతికారు, అదీ నిజం. కానీ ఈ రెండు మాటల దగ్గరే ఆగిపోతే అసలు ప్రశ్న అట్లాగే మిగిలిపోతుంది. చెట్టు బతకాలంటే గాయం ఎంత పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి? అది తెలిసినా మనిషి అట్లా చేయలేకపోతున్నాడంటే ఎందుకు చేయలేకపోతున్నాడు?

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. బంక తీసే శాస్త్రీయ పద్ధతి, అడవి మీద హక్కు, నాణ్యతను బట్టి ధర, ఈ మూడూ కలిసి రావాలి. ఒక్కటి తప్పిపోయినా మిగతా రెండూ పనిచేయవు.

ఆ బంక ఎక్కడికి పోతుంది?

మనం తపసి బంక అంటాం. వ్యాపారంలో దాని పేరు గమ్ కరాయా. శాస్త్రవేత్తలు చెట్టును స్టెర్క్యులియా యూరెన్స్ అంటారు. యూరెన్స్ అంటే మంట పెట్టేది అని అర్థం. ఐదు రెక్కల నక్షత్రంలా ఉండే ఆ ఎర్ర కాయల మీది నూగు తగిలితే చెయ్యి ఎట్లా మండుతుందో మీకు చెప్పాల్సిన పని లేదు. రాళ్ళ గుట్టల మీద, మరే చెట్టూ సరిగా నిలవని చోట, తెల్లటి మానుతో నిలబడే చెట్టు అది.

దాని బంక నీళ్ళలో వేస్తే అనేక రెట్లు ఉబ్బుతుంది, కానీ పూర్తిగా కరగదు. ఆ గుణమే దాని విలువ. మలబద్ధకం మందుల్లో వాడతారు. కట్టుడు పళ్ళు చిగుళ్ళకు అతుక్కునే పొడిలో వాడతారు. పేగు ఆపరేషన్ అయినవాళ్ళ పొట్టకు సంచి అతికించే రింగుల్లో వాడతారు. తినే వస్తువుల్లో చిక్కదనం కోసం కలుపుతారు, అక్కడ దాని నంబరు ఇ-416. ఇండియా నుంచి ఈ బంక విదేశాలకు పోతుంది. ఆఫ్రికాలో సెనెగల్ లాంటి దేశాల్లో ఇదే జాతికి చెందిన ఇంకో చెట్టు నుంచి తీసిన బంక కూడా అదే మార్కెట్లో పోటీకి వస్తుంది.

అంటే సున్నిపెంట, ఆత్మకూరు, బైర్లూటి వైపు గుట్టల్లో మన అవ్వ ఏరి తెచ్చే గడ్డకు ప్రపంచ మార్కెట్ ఉంది. ఆ మార్కెట్ రెండే చూస్తుంది: రంగు ఎంత తెలుపు, బెరడు ముక్కలు, మట్టి ఎంత తక్కువ. ఈ రెండూ తీసేవాళ్ళ చేతిలోనే ఉంటాయి.

కెనడాలో ఏం చేశారు?

కెనడా జెండా మీద ఉండే ఆకు మేపుల్ చెట్టుది. చలికాలం చివర్లో ఆ చెట్టుకు చిన్న రంధ్రం పెట్టి తీపి రసం పడతారు. దాదాపు 40 లీటర్ల రసం కాచితే ఒక లీటరు పాకం వస్తుంది. ఆ పని యూరప్ నుంచి వచ్చినవాళ్ళకు నేర్పింది ఎవరనుకుంటున్నారు? అక్కడి ఆదివాసులే. ఆ తర్వాత వాళ్ళ భూములు పోయాయి, వ్యాపారం ఎక్కువ భాగం వేరేవాళ్ళ చేతికి పోయింది. మనకు తెలియని కథ కాదు.

కానీ ఆ పరిశ్రమ నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో 1940ల నుంచీ ఒక్క మేపుల్ చెట్టు మీదే పనిచేసే పరిశోధనా కేంద్రం ఉంది. సుమారు 10 అంగుళాల మందం లేని చెట్టుకు రంధ్రం పెట్టొద్దు, పోయినేడు పెట్టిన చోటికి దూరంగా ఈ ఏడు పెట్టు, సీజను అయిపోగానే గొట్టం తీసెయ్. ఇట్లాంటి మాటలు అక్కడ రసం తీసే ప్రతి రైతుకూ తెలుసు. పాత గొట్టం కంటే సన్నగా, సుమారు 8 మిల్లీమీటర్ల గొట్టం వాడితే గాయం త్వరగా మూసుకుంటుందని పరీక్షించి చెప్పారు, రైతులు మార్చుకున్నారు. క్యూబెక్ రాష్ట్రంలో ఉత్పత్తిదారులు 1966లోనే సమాఖ్య కట్టుకున్నారు. పంట ఎక్కువైన ఏడాది ధర పడిపోకుండా 2000 నుంచి పాకాన్ని నిల్వ పెట్టుకుంటున్నారు.

అక్కడి రైతుకు చెట్టు మీద అంత శ్రద్ధ ఎందుకు? మనకంటే మంచోడనా? కాదు. వచ్చే ఏడు కూడా ఆ చెట్టు దగ్గరికి తనే వస్తాడని అతనికి నమ్మకం ఉంది. ఈ ఏడు చిన్న గాయం పెడితే వచ్చే పదేళ్ళ రసం తనదే. మంచి రంగు పాకానికి వేరే ధర ఉంది. అందుకే సలహా చెవికెక్కుతుంది.

ఇప్పుడు మన మనిషి సంగతి చూడండి. ఈ రోజు తపసి చెట్టు దగ్గర నిలబడ్డాడు. రేపు గార్డు రానిస్తాడో లేదో తెలీదు. తను వదిలేసి పోతే సాయంత్రానికి ఇంకొకడు వచ్చి నరుకుతాడేమో తెలీదు. తెల్ల బంకైనా నల్ల బంకైనా దళారి ఒకే కాటా మీద వేసి ఒకే ధర కడతాడు. ఇంత అనిశ్చితిలో ఎవడు మాత్రం చిన్న గాయం పెట్టి ఓపిగ్గా కూర్చుంటాడు? గొడ్డలి లోతుగా దిగడానికి కారణం అజ్ఞానం ఒక్కటే కాదు, భరోసా లేకపోవడం కూడా.

పద్ధతి ఏంటి?

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. ఇంట్లో బంకకు పోయేవాళ్ళకు చదివి వినిపించండి. విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే కోవెల్ ఫౌండేషన్ 1990ల నుంచి బంక తీసే గిరిజనులకు శాస్త్రీయ పద్ధతిలో శిక్షణ ఇచ్చింది. పరిశోధనలు, అటవీ నియమాలు, శిక్షణల అనుభవం చెప్పేదాని సారం ఇది.

ఒకటి, చెట్టు ఎంపిక. రొమ్ము ఎత్తులో మాను చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, అంటే దాదాపు మూడడుగులు దాటిన చెట్టుకే గాయం పెట్టాలి. టేపు అక్కర్లేదు. ఒక తాడుకు 90 సెంటీమీటర్ల దగ్గర ముడి వేసి నడుముకు కట్టుకోండి. ముడి దాకా చుట్టు రాని చెట్టు ఇంకా పిల్ల చెట్టు, వదిలేయాలి.

రెండు, గాయం. గొడ్డలి ఇంట్లో పెట్టండి. పదునైన ఉలి గానీ వంపు కత్తి గానీ చాలు. తీయాల్సింది బెరడు మాత్రమే, లోపలి చెక్కకు తగలకూడదు. మొదటి గాయం అరచేతిని మించొద్దు. కారడం తగ్గాక అంచును పల్చగా చెక్కితే మళ్ళీ కారుతుంది. ఎట్టి పరిస్థితిలోనూ మాను చుట్టూ కోయొద్దు. ఆకులు వండిన ఆహారం వేళ్ళకు దిగేది బెరడు లోపలి పొర నుంచే. చుట్టూ కోస్తే వేళ్ళు ఆకలితో చస్తాయి, వేళ్ళు చస్తే చెట్టు చస్తుంది. లోతుగా కొట్టిన చోట పురుగు, బూజు చేరి మాను లోపల పుచ్చిపోతుంది. ఆ చెట్టు తర్వాత గాలివానకు పడిపోతే గాలి మీద నింద వేస్తాం.

మూడు, కాలం. ఎండ పెరిగే కొద్దీ బంక ఎక్కువ కారుతుంది, నాణ్యతా బాగుంటుంది. ఏప్రిల్ నుంచి జూన్‌లో వాన పడేలోపు వచ్చేదే మేలు రకం. వానల తర్వాత తీసింది రంగు మాసి, జిగట తక్కువగా ఉంటుంది. గాయం పెట్టిన మొదటి 24 గంటల్లోనే ఎక్కువ కారుతుంది, తర్వాత కొన్ని రోజులు కొంచెం కొంచెంగా వస్తుంది. కాబట్టి గాయం పెట్టేసి వారం తర్వాత పోతే దుమ్ము, చీమలు, బెరడు పొట్టు అంటిన బంకే దొరుకుతుంది.

నాలుగు, ఏరడం. నేల మీద పడనీయొద్దు. గాయం కింద శుభ్రమైన పట్టా కట్టండి. గంపలో గుడ్డ పరచండి. బెరడు ముక్క కనిపిస్తే చెట్టు దగ్గరే తీసేయండి. ఎండి గట్టిపడ్డాక ఇంట్లో కూర్చుని గీకాలంటే నాలుగింతల పని.

ఐదు, ఆరబెట్టడం, నిల్వ. తడి బంకను సంచిలో కుక్కితే కొన్నాళ్ళకు పుల్లటి వాసన వస్తుంది, గమనించారా? అది వెనిగర్ వాసనే. ఈ బంకలో సహజంగా ఉండే అసిటిక్ ఆమ్లం తడికి, వేడికి విడిపోతుంది. అట్లా విడిపోయే కొద్దీ బంక జిగట పోతుంది, ధర పోతుంది. పొడి చేస్తే ఇంకా త్వరగా పాడవుతుంది. అందుకే గడ్డలుగానే, నీడలో బాగా ఆరబెట్టి, తడి తగలని చోట ఉంచాలి.

ఆరు, వేరు చేయడం. తెల్లది, లేత గోధుమ రంగుది, ముదురుది మూడు సంచుల్లో వేయండి. ఒక్క గుప్పెడు నల్ల బంక సంచినంతా నల్ల ధరకు దించుతుంది.

ఏడు, విశ్రాంతి. ఈ సీజను తీసిన చెట్టును తర్వాత వదిలేయాలి. పాత గాయం పూర్తిగా మూసుకున్నాకే మళ్ళీ ముట్టుకోవాలి, అది కూడా వేరే వైపున. చెట్ల గుంపును వంతులుగా పంచుకుంటే ఇది కష్టం కాదు.

ఇందులో పెద్ద ఖర్చేముంది? ఒక ఉలి, ఒక తాడు, ఒక పట్టా, మూడు సంచులు. ఖర్చయ్యేది ఓపిక. ఓపికకు ధర కట్టాలనే మనం అడుగుతున్నాం.

మందు ఇంజెక్షన్ గురించి ఒక హెచ్చరిక

1995లో కరెంట్ సైన్స్ పత్రికలో ఎం.ఎన్.బి. నాయర్, కె.ఆర్. శివన్న, హెచ్.వై. మోహన్‌రామ్ అనే శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. ఎథెఫాన్ అనే మందును చెట్టుకు ఇస్తే బంక బాగా పెరుగుతుందని, గాయం కూడా త్వరగా మానుతుందని అందులో చెప్పారు. ఎథెఫాన్ కొత్త మందేం కాదు, రబ్బరు తోటల్లో పాలు ఎక్కువ కారడానికి, కాయలు మాగడానికి వాడేదే.

వినడానికి బాగుంది. కానీ వాళ్ళే దాన్ని ప్రాథమిక నివేదిక అన్నారు. ల్యాబు మనిషి కొలిచి ఇచ్చే మోతాదు వేరు, వ్యాపారి సీసా చేతికిచ్చి "కొట్టు, ఎక్కువ వస్తుంది" అంటే వచ్చే ఫలితం వేరు. మోతాదు మించితే చెట్టు శక్తినంతా ఒక్క సీజనులో పిండేసినట్టే. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా: పరిశోధనా సంస్థ వచ్చి, మన గ్రామసభకు వివరించి, కొన్ని చెట్ల మీద మన కళ్ళ ముందు కొన్నేళ్ళు పరీక్షించి చూపే దాకా ఏ మందునూ గూడెంలోకి రానివ్వొద్దు. ఉలి, తాడు పద్ధతికి ముందు చేయి తిరగనివ్వండి.

చట్టం ఏం చెప్తుంది?

నంద్యాల జిల్లా ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు. కాబట్టి పెసా చట్టం, 1/70 మనకు వర్తించవు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అటవీ ఉత్పత్తుల వ్యాపారానికి 1979లో తెచ్చిన నిబంధన కూడా అంతే. చాలామంది ఇక్కడే ఆగిపోయి "మనకు హక్కులేం లేవు" అనుకుంటారు. అది తప్పు.

2006 అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్డ్ ప్రాంతమే కావాలన్న షరతు లేదు. అందులో సెక్షన్ 3(1)(సి) ప్రకారం మనం సంప్రదాయంగా సేకరిస్తూ వచ్చిన చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద మనది యాజమాన్య హక్కు. సేకరించడం, వాడుకోవడం, అమ్ముకోవడం అన్నీ అందులోకే వస్తాయి. బంక అందులో భాగమే. సెక్షన్ 3(1)(ఇ) చెంచుల లాంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కు కూడా ఇస్తుంది. 2012లో సవరించిన నియమాల ప్రకారం ఉత్పత్తుల రవాణా అనుమతుల మీద నిర్ణయం గ్రామసభదే.

"ఇది పులుల అభయారణ్యం కదా" అంటారు. నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందకు వచ్చింది, నిజమే. కానీ వన్యప్రాణి చట్టంలో పులుల కీలక ఆవాసం గురించి చెప్పే 38వి సెక్షన్‌లోనే, షెడ్యూల్డ్ తెగల హక్కులకు భంగం కలగకుండా అని రాసి ఉంది. పులి పేరు చెప్పగానే హక్కు మాయమైపోదు.

ఇక్కడే పద్ధతి, హక్కు కలుస్తాయి. అటవీ హక్కుల నియమాలు గ్రామసభ కమిటీని అడవి సంరక్షణ, నిర్వహణ ప్రణాళిక రాసుకోమంటున్నాయి. సెక్షన్ 5 అడవినీ జీవవైవిధ్యాన్నీ కాపాడే అధికారాన్ని, బాధ్యతను మనకే ఇచ్చింది. పైన చెప్పిన ఏడు మాటలనూ గ్రామసభలో చర్చించి, తీర్మానం చేసి, ప్రణాళికలో రాస్తే అవి మన గూడెం నియమాలవుతాయి. మూడడుగుల లోపు చెట్టును గాయపరిచినవాడు బయటోడైనా మనోడైనా ఆపే అధికారం అప్పుడు మనకు ఉంటుంది. "వీళ్ళు చెట్లను చంపుతారు" అనే మాటకు కాగితం మీద, చెట్టు మీద రెండు చోట్లా జవాబు ఉంటుంది.

కొన్ని ప్రశ్నలు

"నిషేధిస్తే చెట్లు బతుకుతాయి కదా?" కొన్ని రాష్ట్రాలు బంక తీయడాన్ని కొన్నేళ్ళు నిషేధించాయి. నిషేధం పెడితే బంక మీద బతికే అవ్వ ఆగిపోతుంది. దొంగతనంగా తీసేవాడు ఆగడు, వాడు రాత్రి పూట తొందరలో ఇంకా లోతుగా కొడతాడు. పైగా ఆ చెట్టుతో బతుకు ముడిపడినవాళ్ళు దూరమయ్యాక, వేసవి నిప్పు నుంచి పిల్ల మొక్కను కాపాడేది ఎవరు?

"మన తాతలకు మనం నేర్పాలా?" ఏ గుట్టకు ఏ చెట్టు, ఏ ఎండకు ఎంత బంక, ఈ లెక్క మన పెద్దోళ్ళకు తెలిసినంత ఏ శాస్త్రవేత్తకూ తెలీదు. మనం నేర్పేది చెట్టు గురించి కాదు. మార్కెట్ కోరే తెలుపు, చట్టం ఇచ్చే హక్కు, కొలిచి రాసుకునే అలవాటు, ఇవి మనం చదువు నుంచి తేగలిగినవి. వాళ్ళ తెలివికి మన నోటు పుస్తకం జతకావాలి.

"ధర లేకపోతే ఇదంతా ఎందుకు?" ఇది న్యాయమైన ప్రశ్న. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. 2013-14లో కేంద్రం అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం తెచ్చినప్పుడు మొదటి జాబితాలోనే కరాయా బంక ఉంది. పథకం కాగితం మీద ఉంటే చాలదు. కాటా గూడెంలో పెట్టాలి, గ్రేడును మన కళ్ళ ముందే కట్టాలి, ధరను తెలుగులో బోర్డు మీద రాయాలి, డబ్బు ఆ రోజే చేతిలో పడాలి.

అడగాల్సినవి, చేయాల్సినవి

ఐటీడీఏ ఆఫీసు మన సున్నిపెంటలోనే ఉంది. వినతిపత్రం పట్టుకుని దూరం పోవాల్సిన పని లేదు. అక్కడ అడగాల్సినవి ఇవి:

1. ఎండాకాలం మొదలయ్యే లోపు ప్రతి గూడెంలో బంక తీసేవాళ్ళకు చెట్టు దగ్గరే శిక్షణ, ఉలి, పట్టా, సంచులు.
2. గ్రేడును బట్టి వేరు వేరు ధర, గూడెంలోనే కొనుగోలు.
3. సామూహిక హక్కుల దరఖాస్తులకు సాయం. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా.
4. తపసి నర్సరీ. కాసిన గింజల్లో కొన్ని వేయించుకుని తినడానికి, కొన్ని మొక్కలకు. నాటి, నిప్పు నుంచి కాపాడే పని మన యువతకే కూలి ఇచ్చి అప్పగించాలి.

మనం చేయాల్సింది ఆఫీసు కోసం ఆగదు. మీ గూడెంలో ఇద్దరు కలిసి ఒక నోటు పుస్తకం తెరవండి. ఒక గుట్ట మీది తపసి చెట్లను లెక్కపెట్టండి. ప్రతి చెట్టు చుట్టుకొలత, పాత గాయాలు ఎన్ని, అవి మూసుకున్నాయా లేదా రాయండి. ఫోన్‌లో ఫొటో తీసి తేదీ వేయండి. ఇరవై చెట్ల మీద ఈ పద్ధతిలో తీసి, ఎంత బంక వచ్చింది, ఏ రంగు వచ్చింది, ఎంతకు అమ్మారు రాయండి. ఆ గుట్టకు ఎన్ని తరాలుగా పోతున్నారో పెద్దల చేత చెప్పించి, రాసి, వేలిముద్ర వేయించండి. అటవీ హక్కుల నియమాల్లో పెద్దల రాతపూర్వక వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లుతుంది. అంటే ఆ ఒక్క పుస్తకమే చెట్టుకు వైద్యం చీటీ, ధర అడగడానికి లెక్క, హక్కుకు రుజువు.

వచ్చే ఏప్రిల్‌కు ఎన్ని గూడేలలో ఆ పుస్తకం తెరుచుకుంటుంది? మీ గూడెం పేరు, మీరు లెక్కపెట్టిన చెట్ల సంఖ్య మాకు రాసి పంపండి. అన్నీ కలిపి ఒకే వినతిపత్రంగా తీసుకుని సున్నిపెంటలో కలుద్దాం.

జై ఆదివాసీ.